క్లాన్ పెద్దకు విన్నపం: మొదటిసారి రాసేవాళ్ళకు

మా అమ్మాయి పెళ్ళయ్యాక కూడా మన ఇంటిపేరే ఉంచుకుంది. అల్లుడిది స్కాట్లండ్‌లో ఇన్వర్నెస్ దగ్గర ఒక పల్లె. పెళ్ళయిన నాలుగేళ్ళకు ఒకరోజు ఫోన్ చేసి, "నాన్నా, నన్నూ వాళ్ళ క్లాన్‌లో చేర్చుకోమని పెద్దకు రాయాలి. సాయం చేస్తావా?" అంది. తాలూకాఫీసులో 30 ఏళ్ళు అర్జీలు చూసినవాణ్ణి, ఒక ఉత్తరం రాయలేనా అనుకున్నాను. మొదటి చిత్తు తొమ్మిది పేజీలు వచ్చింది. ఆ వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు మా వియ్యపురాలికి చూపించాను. రెండు పేజీలు చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "ఇది కోర్టుకా?" అని అడిగింది.

ఆ తర్వాత ఆ ఉత్తరాన్ని ఒక్క పేజీకి దించడానికి మాకు ఏడు నెలలు పట్టింది. ఆ దారిలోనే మనమూ మెల్లగా నడుద్దాం. ఆ క్లాన్ పేరు ఇక్కడ రాయను. దానికి వాళ్ళ పెద్ద అనుమతి అడగలేదు మరి.

ముందు ఇది తెలుసుకుందాం

క్లాన్ అనే మాట గేలిక్ భాషది, పిల్లలు అని అర్థం. వినగానే మనకు గోత్రం గుర్తొస్తుంది. అక్కడే జాగ్రత్తపడాలి. గోత్రం పుట్టుకతో వస్తుంది, సగోత్రీకులు పెళ్ళి చేసుకోరు. ఒకే క్లాన్‌లో పెళ్ళిళ్ళు మామూలే. పైగా రక్తసంబంధం ఏమీ లేకుండానే పెద్ద నీడకు చేరి, ఆయన పొలం సాగుచేసి, ఆయన వెంట యుద్ధానికి నడిచి, ఆ పేరే పెట్టుకున్న కుటుంబాలు అక్కడ బోలెడు. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన పెద్దకు చుట్టాలం కాము. పేరు కలవనంత మాత్రాన పరాయివాళ్ళమూ కాము. పెద్దను తమ పెద్దగా ఒప్పుకున్నవాళ్ళు, ఆ పెద్ద తనవాళ్ళుగా ఒప్పుకున్నవాళ్ళు, వీళ్ళే క్లాన్ మనుషులు. మనం రాయబోయేది హక్కు పత్రం కాదు, విన్నపం. ఇది మనసులో పెట్టుకుంటే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

ఇక ఆ పెద్ద, అంటే చీఫ్, ఏమివ్వగలడు? 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో జాకబైట్ తిరుగుబాటుదార్లు ఓడిపోయాక, చీఫ్‌లకు తమ ప్రాంతాల్లో కోర్టులు నడిపే వంశపారంపర్య అధికారాన్ని లండన్ ప్రభుత్వం చట్టం చేసి తీసేసింది. హైలాండ్ (కొండసీమ) మగవాళ్ళ దుస్తులనూ నిషేధించింది. ఆ నిషేధం 1782 దాకా ఉంది. ఈనాటి పెద్ద భూమి ఇవ్వలేడు, తగవు తీర్చలేడు, బిరుదు కట్టబెట్టలేడు. క్లాన్‌లోకి స్వీకరించగలడు, క్లాన్ పేరుతో కొత్త టార్టన్ (గళ్ళబట్ట నమూనా) నమోదు చేస్తామంటే సరేననగలడు, తన చిహ్నం వాడుకోవడానికి అనుమతించగలడు, మన సమావేశానికి రాగలడు. అడిగేది ఈ పరిధిలోనే ఉండాలి.

కావలసినవి

- ఇంట్లో ఉన్న జనన, వివాహ, మరణ పత్రాల నకళ్ళు. మాతృకలు ఎవరికీ పంపం.
- స్కాట్లండ్ ప్రభుత్వ రికార్డుల సైటు 'స్కాట్లండ్స్ పీపుల్'లో ఒక ఖాతా. పేర్లు వెతకడం ఉచితం, పత్రం బొమ్మ తెరవాలంటే డబ్బు కట్టాలి.
- ఒక నోటుపుస్తకం. విడి కాగితాలు వద్దు, పోతాయి.
- ఆ క్లాన్ సొసైటీ కార్యదర్శి చిరునామా.
- గీతలు లేని మంచి తెల్లకాగితాలు, నల్ల సిరా కలం.
- ఆ కుటుంబంలో అందరికన్నా పెద్ద వయసు మనిషి. అన్నిటికన్నా ముందు చేజారేది ఇదే కాబట్టి మొదటి ఆదివారం అక్కడికే వెళ్దాం.

పద్ధతి

1. ఏ క్లానో తేల్చుకుందాం. కామెరన్, మన్రో, మెకెంజీ లాంటి పేర్లయితే తేలిక. కొన్ని ఇంటిపేర్లు ఒక క్లాన్ కింద ఉపశాఖలుగా ఉంటాయి, వాటిని 'సెప్ట్' అంటారు. టేలర్ అనే పేరు కామెరన్ల జాబితాలో కనిపిస్తుంది. క్లార్క్ అయితే కామెరన్లలోనూ ఉంది, మెక్‌ఫర్సన్లలోనూ ఉంది. అలాంటప్పుడు టార్టన్ రంగు నచ్చిందని ఒకదాన్ని ఎంచుకోకూడదు. తాతముత్తాతలు ఏ ఊళ్ళో బతికారో చూడాలి, ఆ ఊరు ఏ క్లాన్ నేలో చూడాలి. జవాబు సాధారణంగా పటంలోనే దొరుకుతుంది.

2. పెద్ద ఉన్నారో లేదో చూద్దాం. 1952లో ఏర్పడిన 'స్టాండింగ్ కౌన్సిల్ ఆఫ్ స్కాటిష్ చీఫ్స్' సభ్యుల జాబితాతో మొదలుపెడదాం. కొన్ని క్లాన్‌లకు గుర్తింపు పొందిన పెద్ద లేరు. అలాంటిదైతే ఇక్కడ ఆగి, కింద 'పెద్ద లేకపోతే' అన్న భాగానికి వెళ్దాం. పెద్ద అనగానే మగమనిషే అని ఊహించుకోవద్దు. మెక్లౌడ్‌ల 28వ చీఫ్ ఫ్లోరా మెక్లౌడ్ అనే ఆవిడ. ఆమె 1935 నుంచి 1976లో పోయేదాకా పెద్దగా ఉండి, దేశదేశాలు తిరిగి చెల్లాచెదురైన మెక్లౌడ్‌లను సొసైటీలుగా కూడగట్టింది.

3. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుందాం. ఫోన్లో రికార్డు చేసుకుంటే మంచిదే, కానీ చేతిలో నోటుపుస్తకం ఉండాలి. "మీ వంశచరిత్ర చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "మీ నాయనమ్మ పొయ్యి ఎక్కడుండేది? పండక్కి ఏం వండేది? ఎవరి సమాధి దగ్గరికి తీసుకెళ్ళేది?" అని అడగాలి. వియ్యపురాలిని నేను పూర్వీకుల గురించి గంటసేపు అడిగినా నాలుగు పేర్లు దాటలేదు. టీ కలుపుతూ తనంతట తనే, చిన్నప్పుడు వాళ్ళ తాత బ్యాగ్‌పైప్ పాఠాన్ని నోటితో పాడేవాడని చెప్పి, రెండు వరుసలు పాడి వినిపించింది. మన మృదంగం గురువు చేతికి వాయిద్యం ఇవ్వకముందే సొల్లు చెప్పించినట్టే, అక్కడ పైప్ గురువులు 'కాంటరాఖ్' అనే అక్షరాలతో బాణీ మొత్తం నోటికి నేర్పేవారట. కాగితాల్లో దొరకని సంప్రదాయం ఇదే. రాసిపెట్టుకుందాం, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే వేసుకుందాం. ఈ పని మనకు కొత్తేమీ కాదు. మన పల్లెల కైఫీయతులు రాయించిన కాలిన్ మెకెంజీ స్కాట్లండ్‌లోని స్టోర్నొవే ఊరివాడే. ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు మనవాళ్ళు. ఊరి పెద్దలు చెప్పింది చెప్పినట్టు రాయడం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

4. కాగితాలు వెతుకుదాం. తొందరపడకూడని అంచె ఇది. ఎప్పుడూ మన నుంచి వెనక్కి, ఒక్కో తరమే వెళ్ళాలి. పేరున్న యోధుణ్ణి పట్టుకుని అక్కణ్ణుంచి కిందికి దిగే ప్రయత్నం చేస్తే ఎక్కడో ఒకచోట గాలిలో వేలాడతాం.

స్కాట్లండ్‌లో జనన మరణాల నమోదు 1855 జనవరి 1న తప్పనిసరి అయింది. అంతకుముందువి చర్చి పారిష్ పుస్తకాల్లో ఉంటాయి. జనాభా లెక్కలు 1841 నుంచి పదేళ్ళకోసారి దొరుకుతాయి. 1841 లెక్కలో ఒక చిక్కుంది: 15 దాటినవాళ్ళ వయసును మామూలుగా ఐదేళ్ళ మెట్టుకు తగ్గించి రాశారు. 39 ఏళ్ళవాడు 35గా కనిపిస్తాడు. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా అందులో ఉండదు. కాబట్టి ఆ ఒక్కదాన్ని నమ్ముకుని బంధుత్వం కట్టకూడదు.

మనకు మేలుచేసేది స్కాట్లండ్ మరణపత్రం. చనిపోయినవాళ్ళ తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి పేరూ అందులో రాస్తారు. దాని విలువ నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. వాళ్ళ పాత ఆచారంలో మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టడం లాంటిదే. దాంతో ఒకే తాతకు నలుగురు కొడుకులుంటే, ఊళ్ళో ఒకే పేరుతో నలుగురు మనవళ్ళు తయారవుతారు. నేను వాళ్ళలో ఒకణ్ణి పట్టుకుని, వాడే మా అల్లుడి ముత్తాత తండ్రి అనుకుని, రెండు నెలలు వాడి సంతానాన్ని వెతికాను. చివరికి మరణపత్రం తెరిస్తే తల్లి పుట్టింటి పేరు వేరు. నోటుపుస్తకంలో పదకొండు పేజీలు కొట్టేశాను.

ఇంకో చిట్కా. 'మ్యాక్' అంటే కొడుకు. దాన్ని ఒక గుమాస్తా పూర్తిగా రాస్తాడు, ఇంకొకడు పొట్టిగా రాస్తాడు, మరొకడు అసలు రాయడు. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే మిగతావన్నీ వేసి చూద్దాం.

5. అడిగేముందు కాస్త పని చేద్దాం. క్లాన్ సొసైటీలో చేరదాం. చాలా సొసైటీలు పేరు కలవనివాళ్ళనూ చేర్చుకుంటాయి. హైలాండ్ ఆటలకు వెళ్దాం. క్లాన్ గుడారం దగ్గర కుర్చీలు సర్దడానికి మనిషి ఎప్పుడూ తక్కువే. మా అమ్మాయి రెండు వేసవులు ఆ కుర్చీలే మోసింది, మూడో వేసవిలో పిల్లలకు క్లాన్ కథలు చదివి వినిపించింది. గేలిక్‌లో పది మాటలు నేర్చుకుంది. 2022 జనాభా లెక్కల్లో గేలిక్ ఎంతో కొంత వచ్చినవాళ్ళు దాదాపు 1.3 లక్షలమందే. కాబట్టి ఆ పది మాటలకు అక్కడ మనం ఊహించిన దానికన్నా ఎక్కువ విలువుంది. ఇదంతా లెక్కచూపడానికి కాదు. కానీ కార్యదర్శికి మన ముఖం తెలిస్తే ఉత్తరం పెద్ద చేతికి తిన్నగా వెళ్తుంది.

6. ఒకే ఒక్క కోరిక ఎంచుకుందాం. క్లాన్‌లో చేర్చుకోమనీ, చిహ్నం వాడుకోనిమ్మనీ, మా ఊరికి రమ్మనీ ఒకే ఉత్తరంలో అడిగితే, అన్నిటికన్నా కష్టమైన కోరిక దగ్గర ఉత్తరం ఆగిపోతుంది. 30 ఏళ్ళ ఉద్యోగంలో నేను చూసిందీ ఇదే. ఒక్క విషయం అడిగిన అర్జీ మీద ఆఫీసరు అక్కడికక్కడే సంతకం పెట్టేవాడు. మూడు విషయాలడిగితే మూడు సెక్షన్లు తిరిగేది.

7. ఎలా పిలవాలో తెలుసుకుందాం. మామూలు ఇంగ్లిష్ మర్యాదలో 'డియర్ సర్' సరిపోతుంది కదా అనిపిస్తుంది, ఇక్కడ అది ముక్కూముఖం తెలియనివాళ్ళ పిలుపు. క్లాన్ మనిషి 'డియర్ చీఫ్' అని రాయొచ్చు, లేదా పెద్దను ఆయన నేల పేరుతో పిలవొచ్చు. కామెరన్‌ల పెద్దను 'లొఖీల్' అంటారు, అంతే. ముందు మిస్టర్ లేదు, వెనక గారు లేదు. మన నోటికి అమర్యాదగా తోస్తుంది, నిజానికి అదే పెద్ద మర్యాద. కొందరు చీఫ్‌లకు ప్రభువుల బిరుదులు కూడా ఉంటాయి. మెకెంజీల పెద్ద క్రోమార్టీ ఎర్ల్ కూడా. అలాంటప్పుడు ఏది రాయాలో కార్యదర్శిని ముందే అడుగుదాం. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

8. ఇక ఉత్తరం రాద్దాం. ఒక పేజీ, నాలుగు చిన్న పేరాలు. రాసేది ఇంగ్లిష్‌లోనే, ఇక్కడ భావం మాత్రం తెలుగులో.

మొదటి పేరాలో మనమెవరమో: "నేను ఫలానా ఊళ్ళో ఉంటున్నాను. తెలుగు కుటుంబంలో పుట్టాను. నా భర్త మీ క్లాన్‌వాడు, వాళ్ళ వాళ్ళు ఫలానా పారిష్‌లో ఉండేవారు." రెండో పేరాలో కోరిక, ఒకే వాక్యంలో: "మిమ్మల్ని నా పెద్దగా భావిస్తున్నాను, నన్ను మీ క్లాన్‌లోకి స్వీకరించమని కోరుతున్నాను." మూడోదాంట్లో ఇప్పటిదాకా చేసిన పని, గొప్ప చెప్పుకోకుండా రెండు ముక్కల్లో. నాలుగోదాంట్లో ఏ కాగితాలు జతచేశామో చెప్పి, జవాబు ఎలా ఉన్నా గౌరవిస్తామని రాసి, సంతకం.

రక్తసంబంధం ఉందనుకుంటే రుజువున్నంత వరకే చెబుదాం. "1861 దాకా కాగితాలున్నాయి, అంతకుముందుది ఇంట్లో చెప్పుకునే మాట" అని విడదీసి రాస్తే ఆ ఉత్తరం మీద నమ్మకం పెరుగుతుంది. అతుకు కనపడకుండా కలిపేస్తే తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

మన పేరు ఎలా పలకాలో ఒక ముక్క రాయడం మరవొద్దు. వాళ్ళ పేర్లు మనకెంత కష్టమో, మనవీ వాళ్ళకంత కష్టమే.

9. కార్యదర్శి ద్వారా పంపి, ఆగుదాం. కోట చిరునామా వెతికి పట్టుకుని నేరుగా గుమ్మానికి పంపొద్దు. చాలామంది చీఫ్‌లు ఉద్యోగాలో వ్యవసాయమో చేసుకుంటూ తీరిక చూసుకుని ఈ పని చేసేవాళ్ళు. మూడు నెలలకు ఒక్క గుర్తుచేసే ఉత్తరం చాలు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది చిహ్నం విషయంలో. స్కాట్లండ్‌లో 'కుటుంబ చిహ్నం' అంటూ ఉండదు. డాలు బొమ్మతో ఉన్న పూర్తి చిహ్నం ఒక్క మనిషిదే, అది చీఫ్ సొంత ఆస్తి. అందరి ఇంటిపేర్లకూ చిహ్నాలు అచ్చేసి అమ్మే దుకాణాలు అక్కడి బజారు వీధుల్లో ఎన్నో. నేనూ ఒకచోట కొని, నా తొమ్మిది పేజీల చిత్తు పైన ఠీవిగా అంటించాను. అంటే ఒకాయన సంతకాన్ని ఆయనకే రాసే ఉత్తరం మీద వేసినట్టు. క్లాన్ మనిషి పెట్టుకోగలిగింది చీఫ్ శిఖర చిహ్నం చుట్టూ బకిల్ ఉన్న బెల్టు బొమ్మ గల బ్యాడ్జీ మాత్రమే. బెల్టు మీద నినాదం ఉంటుంది. బెల్టు లేకుండా వట్టి వలయం, దాని వెనక మూడు గద్ద ఈకలు ఉంటే అది చీఫ్‌ది. బ్యాడ్జీ అందంగా ఉంటుందని ఈకలు గుచ్చుకోవద్దు.

టార్టన్ విషయంలో అతిభక్తి వద్దు. ప్రతి క్లాన్‌కూ అనాదిగా ఒకే గళ్ళబట్ట ఉందనేది చాలామటుకు 19వ శతాబ్దపు ముచ్చట. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ జరిపించిన సంబరంతో ఆ మోజు పెరిగింది. 1842లో పురాతన గ్రంథమని చెప్పి అచ్చేసిన ఒక టార్టన్ పుస్తకం తర్వాత బూటకమని తేలింది. అందులోని కొన్ని గళ్ళు ఇప్పటికీ ఇష్టంగా కట్టుకుంటారు, అందులో తప్పేం లేదు. "వెయ్యేళ్ళ నాటి మా టార్టన్" అని విన్నపంలో రాయడమే తప్పు. కొత్త టార్టన్ నమోదు చేయాలంటే 2009లో మొదలైన ప్రభుత్వ టార్టన్ రిజిస్టర్ ఉంది. క్లాన్ పేరుతో నమోదు చేయాలంటే చీఫ్ అంగీకారం కావాలి.

అడుగు నేల కొని 'లెయిర్డ్' (భూస్వామి) అయిపోయే ప్రకటనలు చూసే ఉంటారు. అది ముచ్చటైన బహుమతి, అంతే. విన్నపం కింద ఆ బిరుదు రాసుకుంటే ఉత్తరం అక్కడే తేలిపోతుంది.

ఉత్తరంతో డబ్బు పంపడం, పంపిన వారానికే ఫోన్ చేయడం, జవాబు రాకముందే బ్యాడ్జీ కొనేయడం. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

పెద్ద లేకపోతే

అప్పుడు దారి మారుతుంది. ఎడిన్‌బరాలో లార్డ్ లయన్ కోర్టు ఉంది. చిహ్నాలకూ చీఫ్‌ల గుర్తింపుకూ అదే చోటు. 1672 చట్టంతో మొదలైన చిహ్నాల రిజిస్టరు ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. ఆ క్లాన్ ముఖ్యులు కుటుంబ సమావేశం జరిపి, తగిన మనిషిని ఎంచి, లార్డ్ లయన్‌కు అర్జీ పెట్టుకుంటారు. మొదట ఐదేళ్ళకు 'కమాండర్'గా నియమించే పద్ధతి ఉంది. వంశక్రమం రుజువైతే నేరుగా చీఫ్‌గానే గుర్తించవచ్చు. బుకానన్‌ల పాత చీఫ్ 1681లో పోయాక ఆ పీఠం మూడు శతాబ్దాలకు పైగా ఖాళీగా ఉండిపోయింది. వంశవృక్ష పరిశోధన మీద 2018లో కొత్త చీఫ్‌కు గుర్తింపు వచ్చింది. ఆయన పట్టాభిషేకంలాంటి వేడుక 2022 అక్టోబరులో కాలెండర్ అనే ఊరి దగ్గర జరిగింది. ఇది ఒక్కరు చేసే పని కాదు, సొసైటీతో కలిసి న్యాయవాదిని పెట్టుకుని చేయాలి. అన్నట్టు లయన్ కోర్టు అర్జీ మన పాత అర్జీకి దగ్గరి చుట్టమే, అందులో 'వినయపూర్వకంగా విన్నవించుకొనునది' అనే మాట ఇప్పటికీ ఉంది. నా తొమ్మిది పేజీలు అక్కడైతే చెల్లేవేమో.

జవాబు వచ్చాక

కాదంటే కారణం అడగొద్దు, సొసైటీలో సభ్యత్వం అలాగే ఉంటుంది. అవునంటే వారంలోపు కృతజ్ఞతగా చేత్తో రాసిన ఒక చిన్న ఉత్తరం పంపుదాం. వచ్చిన జవాబుకు రెండు నకళ్ళు తీసి, ఒకటి సొసైటీకి ఇచ్చి, మాతృకను నోటుపుస్తకంతో కలిపి ఎండ తగలని చోట దాచుదాం. ఇప్పుడు బ్యాడ్జీ కొనొచ్చు. దాన్ని టోపీకి ఎడమవైపు పెట్టుకోవాలి.

మా అమ్మాయికి జవాబు పదకొండో వారంలో వచ్చింది. చేతిరాతలో నాలుగు వాక్యాలు. మన ఇంటిపేరులో ఒక్క అక్షరం కూడా తప్పుపోలేదు. మా వియ్యపురాలు మళ్ళీ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది, ఈసారి ఏమీ అనలేదు.